హాల్‌టికెట్‌లో మీసం

మూడేళ్ల లా కోర్సు ప్రవేశపరీక్ష రాయాలంటే డిగ్రీ ఉండాలి, అందులో చెప్పినన్ని మార్కులు ఉండాలి. వయసుకు పరిమితి లేదు. ఈ చివరి మాట మా నాయన చెవిన పడింది. ఒక గోడ తగాదా మీద ఏండ్లకొద్దీ పెనుకొండ కోర్టుకు తిరిగిన మనిషి ఆయన.

"మన వకీలు లోపల ఏం మాట్లాడతాండాడో మనింట్లో ఒకడికన్నా తెలియాల కదప్పా" అన్నాడు. డిగ్రీ ఉన్నా నలభై దాటి, ధర్మవరంలో మగ్గం నేసుకుంటున్న నాతో దరఖాస్తు పెట్టించాడు. ఫోటోకు మీసం బాగా దువ్వుకోమన్నదీ ఆయనే.

హాల్‌టికెట్ వచ్చాక నాయన పోయాడు. పెద్దకొడుకును కాబట్టి గుండు చేయించుకుని మీసమూ తీయించుకున్నాను. పరీక్షకు పోనన్నాను.

"ఆయప్ప పైన కూడా ఏదో ఒక గోడ తగాదా పెట్టుకునింటాడు. పోయి రాసిరా" అంది అమ్మ.

హిందూపురంలో పరీక్షకేంద్రం గేటు మూయడానికి ఇంకా కొంచెం సేపే ఉంది. బల్ల వెనక కూర్చున్నాయన హాల్‌టికెట్ చూశాడు, ఆధార్ చూశాడు, నన్ను చూశాడు.

"ఏమప్పా, ఈ మీసాలాయన యాడ?"

"నేనే సార్."

వేలిముద్ర పెట్టమన్నాడు. పట్టుపోగులకు అరిగిన నా వేలిని మిషన్ కూడా గుర్తుపట్టలేదు.

"మొక్కుకునింటాడు సార్" అంది వెనకనున్న అమ్మాయి. "పాసు కాకముందే గుండు ఇచ్చేసినాడు!"

వరుసంతా నవ్వింది. చెప్పుకోవడం చేతకాక, సంచిలో ఉన్న పెద్దకర్మ కార్డు తీసి ఇచ్చాను. ఆయన ముఖం విప్పారింది.

"ఇదో, దీంట్లో సరిగ్గా ఉండావు! హాల్‌టికెట్‌కు ఈ ఫోటోనే పెట్టింటే సరిపోయేది కదప్పా!"

"అది మా నాయన సార్."

నాయన ఎప్పుడూ మీసం పెంచలేదు. కార్డుకు దొరికింది ఆయన నా వయసులో దిగిన ఫోటో.

బల్ల వెనకాయన అప్పుడు కార్డు చదివాడు. కింద పెద్దకొడుకు అని ఉన్నచోట నా పేరును హాల్‌టికెట్‌తో సరిచూసుకున్నాడు. వెనక నవ్వు ఆగిపోయింది. రిజిస్టర్ నా వైపు తిప్పి సంతకం చేయమన్నాడు.

"పో, గేటు మూసే టైమైతాంది. ఆ కార్డు ఈడే పెట్టిపో. కాగితాలు లోపలికి కుదరదు."

కార్డును బల్ల మీద, నీళ్ల బాటిల్‌కు ఆనించి పెట్టాను. వకీలు లోపల ఉంటే బయట కూర్చోవడం నాయనకు అలవాటే.