మైపాడులో తీరకుండా ఉన్న నా ఫిర్యాదు

నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం తీసేయమన్న రోజు మా గైడు గారు నన్ను కూర్చోమనలేదు. బల్లకు ఇవతల కుర్చీ ఉంది. దాని మీద ఆయన గొడుగు ఉంది. ఏడేళ్లయినా ఆ గొడుగు రంగు నాకు గుర్తుంది.

పార్లమెంటులో సభ్యుల ప్రశ్నలకు మంత్రులిచ్చే హామీలు తర్వాత ఏమవుతాయన్నది నా పరిశోధన. నెరవేర్చలేమని శాఖ రాసి పంపితే, సభలోని హామీల కమిటీ ఆ హామీని వదిలేయవచ్చు. అలా కాకుండా, అడిగిన సభ్యుడు ఒప్పుకుంటేనే దాన్ని మూసేయాలన్నది నా ప్రతిపాదన. ఉదాహరణగా మైపాడు పక్కన చేపలు పట్టే పల్లెకారులు వలల పాకలో జరిపే కూటాన్ని చూపించాను. అక్కడ ఫిర్యాదు పెట్టినవాడే నిలబడి ‘తీరింది’ అనాలి. అనేవరకు ప్రతి అమావాస్యకూ కూటం పెద్ద, అంటే పెద్దకాపు, ఆ ఫిర్యాదును అందరి ముందూ మళ్లీ చెబుతాడు.

“పార్లమెంటుకీ వలల పాకకీ పోలికేమిటయ్యా?” అన్నారు గైడు గారు. గదిలో ఉన్న మరో ఇద్దరు నవ్వారు. వాళ్లెవరో కూడా నాకు గుర్తుంది.

అధ్యాయం లేకుండానే పట్టా వచ్చింది. లైబ్రరీలో నా థీసిస్‌ను ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు. ఏటా వెళ్లి చూస్తాను. తీసేసిన అధ్యాయాన్ని ఢిల్లీలో ఆ కమిటీకి మూడుసార్లు పంపాను. అందిందన్న ముక్క కూడా రాలేదు. కోవూరులో ఒక గదిలో ఉంటున్నాను. నేను పాఠాలు చెప్పే కాలేజీలో సెలవు పెట్టిన రోజున, రాలేదేమని అడిగినవాళ్లు లేరు.

ఆ అధ్యాయాన్నే వ్యాసంగా రాద్దామని, ఆ పద్ధతి ఇంకా ఉందో లేదో చూడడానికి పోయిన అమావాస్యకు మైపాడు బస్సెక్కాను. వేటకు పోని రోజు కాబట్టి పాక నిండా జనం. నేను వెనక నిలబడ్డాను.

పెద్దకాపు తీరని పాత ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటిది, ఎవరి పడవో తగిలి ఎవరి వలో చిరిగిన సంగతి. రెండోది చెబుతుంటే రాసుకోవడం ఆపేశాను.

“చదువుకునే సారు వస్తే కూసోను చాప ఎయ్యలేదంట. సారు వచ్చినాడా?”

“వచ్చినాడు మామా. అదో, మళ్లా నిలబడే ఉండాడు,” అన్నారెవరో.

అది నేను పెట్టిన ఫిర్యాదే. థీసిస్ కోసం మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నిలబెట్టి మాట్లాడారని కోపంతో పెట్టాను. వాళ్లు వెంటనే చాప వేశారు. నేను బస్సుకు వేళయిందని వెళ్లిపోయాను. ఆ పద్ధతి మీద ఒక అధ్యాయం రాసినవాణ్ని, ‘తీరింది’ అని చెప్పాలని నాకే తట్టలేదు.

“ఎనిమిదేళ్ల నుంచి నీ చాప మాట ఇంటానే ఉండాం సారూ,” అంది ఒక ముసలామె. “మా కొత్త కోడలికి కూడా నోటికొచ్చేసింది.”

అందరూ నవ్వారు. ఎవరో చాప తెచ్చి ముందు వరసలో పరిచారు.

“ఇప్పుడన్నా తీరిందా సారూ?”

ఆ మాట నోటిదాకా వచ్చింది. అనేస్తే వచ్చే అమావాస్యకు ఇక్కడ నా ఊసు ఉండదు. నేను వచ్చానా లేదా అని అడిగే చోటు నాకు ఇంకొకటి లేదు.

“ఆలోచించుకోవాలి,” అన్నాను.

పెద్దకాపు విసుక్కోలేదు. “సరే, వచ్చే అమాసకు మళ్లా పిలుస్తాంలే,” అని మూడోదానికి వెళ్లాడు.

నేను చాప మీద కూర్చున్నాను. దాని ఒక మూల చిరిగి ఉంది. అది కూడా రాసుకున్నాను.