అట్లాస్ కొండల్లో మా ఆయన పాస్‌పోర్టు

విమానం దిగి బయటికి వచ్చామో లేదో, మా ఆయన రెండు పాస్‌పోర్టులూ తీసి గైడు చేతిలో పెట్టాడు. మా పేర్లు రాసిన అట్ట పట్టుకుని మొరాకో ఎండలో నిలబడ్డ ఆ పెద్దమనిషి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, నెరిసిన మీసాల్లో నవ్వుకుని, తిరిగి ఇవ్వబోయాడు. ఈయన తీసుకోలేదు. తనకు వచ్చిన అరబ్బీలో ఏదో చెప్పి, వాటిని గైడు కోటు జేబులో తానే దోపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకిచ్చావని అడిగితే, "గట్లనే ఇయ్యాలె. నీకు తెల్వది" అన్నాడు.

నాకు తెలియకపోవడమేమిటి? పెళ్లయిన ఏడాదికే దుబాయి పోయాడు. సౌదీ అయినా మస్కట్ అయినా మా కోరుట్లలో అంతా దుబాయే. ఈయనది ఎడారిలో పైపులైన్లు వేసే పని. దిగిన రోజే కఫీల్, అంటే పనికి పిలిపించుకున్న అరబ్బు యజమాని, పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. మా అత్తమ్మ పోయినప్పుడు ఎంత బతిమాలినా ఆ తాళం తియ్యలేదు. ఈయన దినాలకు కూడా రాలేకపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లను చూశాను గానీ, కాలిన చేతిని మళ్లీ పొయ్యిలో పెట్టే మనిషిని ఈయననే చూశాను.

అసలు నేను అడిగింది ఊటీ. మా బడిలో నా తోటి టీచర్లంతా సెలవులకు ఊటీయో అరకో పోయి వచ్చి, మిగతా ఏడాదంతా ఆ ఫోటోలు చూపిస్తారు. కానీ మా బిడ్డ హైదరాబాదులో టూర్లు వేసే ఆఫీసులో పని చేస్తుంది. అక్కడి వాళ్ల ఇళ్లవాళ్లకు రాయితీ ఉందట. కొండల్లో బెర్బర్ తెగవాళ్ల పల్లెల మీదుగా కొన్నాళ్లు నడక, చివర ఎడారి, దారి చూపడానికి గైడు, సామాన్లకు కంచరగాడిదలు. మంచు కొండలైనా నయమే, ఎడారి నాకెందుకే అన్నాను. "బాపు ఇన్నేండ్లున్న ఎడారిని నువ్వు ఒక్కసారన్న జూస్తివా అమ్మా?" అంది. ఆ మాటకు పడిపోయాను.

పైగా బయలుదేరే ముందు జగిత్యాల ఏజెంటు ఫోన్ చేశాడు. పాత కంపెనీలోనే కొత్త వీసా ఉందట, ఈసారి సూపర్‌వైజరు పనట. మా ఆయన ఇంటికొచ్చి నిండా రెండేళ్లు కాలేదు. పోతావా, ఉంటావా అని నిలదీస్తే "సూద్దాం తియ్" అన్నాడు. ఆ సూద్దాం సంగతేదో కొండలు దిగేలోగా తేల్చుకోవాలని నేను గట్టిగా అనుకున్నాను. మళ్లీ పోతే నేను ఎదురుచూడను. చూసిన కాడికి చాలు.

నడకకు పోయేవాళ్లు వీపుకు సంచి తగిలించుకుంటారు. ఈయన అట్టపెట్టె కట్టాడు. అడ్డంగా పొడుగ్గా నైలాన్ తాడు బిగించి, మార్కరుతో తన పేరు, కోరుట్ల, ఫోన్ నంబరు పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. లోపల మామిడి తొక్కు, సకినాలు, అటుకులు, కొన్ని బియ్యం. విమానాశ్రయంలో బెల్టు మీద అది తిరుగుతూ వస్తుంటే నాకు తల తీసేసినట్టయింది. ఈయన మాత్రం పెట్టె పగలకుండా వచ్చిందని మురిసిపోయాడు.

కొండలు బాగున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. మట్టి ఇళ్లు కొండ రంగులోనే ఉండి, దగ్గరికి పోయేదాకా ఊరుందని తెలియదు. లోయలో అక్రోటు చెట్లు, మెట్లు మెట్లుగా బార్లీ మళ్లు, వాటి మధ్య చిన్న కాలువ. ఆడవాళ్లు గడ్డిమోపులు వీపుకు కట్టుకుని మాకంటే వేగంగా ఎక్కిపోయేవాళ్లు. ఇదంతా నేను చూశాను. మా ఆయన గాడిదల తంగెలు చూశాడు, అంటే వాటి పొట్ట కింద బిగించే పట్టాలు. వదులైతే బిగించాడు. గైడుకు నీళ్లు పట్టుకొచ్చాడు. గాడిదలు తోలే మనిషితో కలిసి బరువులు ఎత్తాడు. వద్దు వద్దని మొదట మొత్తుకున్న గైడు, తర్వాత తర్వాత ఈయనకే పని చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే లేచి గుడారం మడిచేసేవాడు. ఒకరోజు నేనింకా లోపలే ఉన్నాను.

మనం చుట్టపుచూపుగా వచ్చామయ్యా, కాస్త కూర్చో అంటే, ఊరికే కూర్చుంటే కాళ్లు గుంజుతాయనేవాడు. అన్నం కూడా గొంతుక్కూర్చుని నాలుగు ముద్దల్లో ముగించేవాడు. ఏజెంటుకు ఏం చెప్పావని నేను రోజూ అడగడం, సూద్దాం అని ఈయన లేచిపోవడం. కొండైనా కరుగుతుందేమో గానీ ఈ మనిషి కరగడు.

ఒక ఊళ్లో గైడుకు తెలిసినామె ఇంట్లో మధ్యాహ్నం ఆగాం. ఆమె అప్పుడే కాల్చిన రొట్టెలు, పుదీనా వేసిన చాయ్ పెట్టింది. మా పుట్టిల్లు సిరిసిల్ల నుంచి తెచ్చిన రైక బట్ట ఆమె చేతిలో పెడితే, బుగ్గకు ఆనించుకుని చూసింది. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు. మీ ఆయనేడి అని అడిగాను. గైడు మా ఇద్దరి మధ్య ఇంగ్లీషులో మాటలు మోశాడు. సముద్రం ఒడ్డున ఏదో పట్నంలో హోటలు పని, ఏడాదికొకసారి పండగకు వస్తాడట. మొన్నమొన్నటిదాకా మా ఆయనా అంతే అన్నాను. ఆమె నవ్వి, వేళ్లు మడుస్తూ ఏదో చెప్పింది. గైడు కాస్త మొహమాటపడుతూనే తెచ్చి ఇచ్చాడు ఆ మాట. వచ్చిన మొదటి వారం చుట్టంలా ఉంటాడట. రెండో వారం ఇల్లంతా తప్పులు పడతాడట. మూడో వారం మనం కాస్త అలవాటు పడతామో లేదో, సంచి సర్దుతాడట.

నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆమె కూడా నవ్వింది. గడప దగ్గర చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్న మా ఆయన నవ్వలేదు.

ఊరు దాటాక, మొదటిసారి గాడిదలను ముందుకు పోనిచ్చి నా పక్కన నడిచాడు. "నేను గూడ గట్లనేనా?" అన్నాడు.

"నువ్వు సుట్టమోలె గూడ ఉండవ్. నీ ఇంట్ల నువ్వు కూలికచ్చినోని లెక్క ఉంటవ్" అన్నాను. ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్న మాట అది. అన్నాక నాకే భయమేసింది. ఆ సాయంత్రం ఆయన గుడారం వేయడానికి కూడా లేవలేదు. గైడు జ్వరమొచ్చిందేమోనని నన్ను అడిగాడు.

కొండలు దిగాక జీపులో ఎడారికి తీసుకుపోయారు. ఇసుక తిన్నెల ముందు జీపు ఆగితే మా ఆయన దిగనన్నాడు. ఇంత దూరం తీసుకొచ్చి ఇదేమిటని తగువు పెట్టుకున్నాను. ఇన్నేళ్లు చూసింది చాలన్నాడు. నీతో పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ అని నేనొక్కదాన్నే ఎక్కాను. ఇసుకలో ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు కిందికి జారింది. పైకి పోయి చూద్దును కదా, ఏమీ లేదు. ఇసుక, దాని అవతల ఇసుక. మా పిల్ల నడక నేర్చింది, బడికి పోయింది, పెద్దమనిషయింది. ఇవన్నీ చూడనియ్యకుండా ఈయనను పట్టుకున్నది ఇదేనా? నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే వచ్చింది.

దిగి వచ్చేసరికి ఆయన ఇసుకకు వీపు పెట్టి, జీపు నీడలో కూర్చుని ఉన్నాడు. ప్రయాణం అయిపోయింది కాబట్టి గైడు కోటు జేబులోంచి పాస్‌పోర్టులు తీసి ఇచ్చాడు. మా ఆయన నాది నాకిచ్చాడు. తనది కాసేపు చేతిలో పెట్టుకుని, అదీ నాకే చాపాడు.

"ఇది గూడ నీ కాడ పెట్టు. నేనడిగినా ఇయ్యకు."

"నేనేమన్న నీ కఫీల్‌నా?" అన్నాను. కోపం ఇంకా దిగలేదు.

"ఆడు ఇంటికి పోతనంటె ఇయ్యలే" అన్నాడు, ఇసుక వైపు చూడకుండానే. "నువ్వు ఇంట్లకెల్లి పోతనంటె ఇయ్యకు."

నేను తీసుకున్నాను.

మర్నాడే విమానాశ్రయంలో ఇయ్యమని అడిగాడు. అక్కడ ఇవ్వక తప్పదు కదా. ముద్ర పడగానే, నేను చెయ్యి చాపకముందే తిరిగి ఇచ్చాడు. ఇప్పుడది కోరుట్లలో, మా ఇంట్లో బియ్యం డ్రమ్ములో అడుగున ఉంది. అంత మాత్రాన మనిషి మారాడని కాదు. ఇప్పటికీ తెల్లారకముందే లేచి, నేను పడుకున్న మంచం చుట్టూ ఊడుస్తాడు. నిలబడే తింటాడు. అట్టపెట్టె పారేస్తానంటే మంచి పెట్టె అంటాడు.

మొన్న జగిత్యాల ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. వద్దు అన్న ఒక్క మాట చెప్పడానికి ఈయనకు నోరు రాలేదు. "పాస్‌పోర్ట్ మా ఇంటామె కాడున్నది, ఆమెనడుగు" అని ఫోను నా చేతిలో పెట్టి పెరట్లోకి పోయాడు. ఆ పని కూడా నా నెత్తినే. పొయ్యి మీద పప్పు మాడుతుంటే, ఇయ్యనని ఏజెంటుకు నేనే చెప్పాను.