రావద్దన్న మాట

మా చెల్లెలి మనవరాలు జర్మనీలో చదువుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, శనివారాలు అక్కడి వృద్ధాశ్రమానికి పోయి ముసలివాళ్లకు తోడుగా కూర్చుంటున్నానని సంబరంగా చెబితే, మెచ్చుకోవాల్సిన నేను, నిన్ను రావద్దని ఎవరన్నా అన్నారా అని అడిగేశాను. అదేం ప్రశ్న అని నవ్వింది. అప్పటినుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

తోటపల్లి గూడూరు పక్కనున్న ఒక పల్లెలో నేను నర్సుగా పనిచేసే రోజుల్లో, టాంజానియా నుంచి వచ్చి నెల్లూరులో చదువుకుంటున్న ఒక అమ్మాయి, ఎవరూ పిలవకుండానే, ప్రతి ఆదివారం అచ్చం మాలాగే "వచ్చినానక్కా" అంటూ బస్సు దిగేది. పసిపిల్లల బరువు తూచేది, వచ్చీరాని తెలుగులో తల్లులతో కబుర్లాడేది. అప్పటికే మా చుట్టూ వరిమళ్లు రొయ్యల గుంటలుగా మారుతున్నాయి. బోరింగు నీళ్లు ఉప్పెక్కడం, పిల్లలకు విరేచనాలు తగ్గకపోవడం నేనూ చూస్తూనే ఉన్నాను గానీ, ఆ నీళ్లను సీసాలో పట్టుకెళ్లి కాలేజీలో పరీక్ష చేయించింది మాత్రం ఆ అమ్మాయే. గుంటల వల్ల నీళ్లు చెడ్డాయని, అవి తాగడానికి పనికిరావని ఆమె తల్లులకు చెప్పిన సాయంత్రమే మా మేనమామ వచ్చాడు. ఊళ్లో పెద్ద గుంటలు ఆయనవే, నాకు అక్కడ ఉండటానికి నీడ చూపించిందీ ఆయనే.

"ఆ పిల్లను ఇంక రావద్దని చెప్పు. గుంటలు పూడిస్తే మనోళ్లు యాడికి పోతారు?" అన్నాడు.

పై ఆదివారం ఆ మాట బస్సు దిగినచోటే చెప్పేశాను. ఆమె వాదించలేదు.

"అక్కా, నువ్వు ఆ నీళ్లే తాగుతున్నావా?" అని మాత్రం అడిగింది.

నేను రోజూ పక్క ఊరి నుంచి బిందె తెప్పించుకునేదాన్ని. వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాను.

ఆ తర్వాత బస్సు చప్పుడైతే చాలు, గుమ్మంలోకి రావడం, మళ్లీ లోపలికి పోవడం, సర్దిన మందులే సర్దడం. ఉండబట్టలేక ఒకనాడు హాస్టలుకు పోయి ఆమెను కలిసి, ఆ పరీక్ష కాగితం అడిగాను. ఎందుకని అడగకుండా తెచ్చిచ్చింది. ఇప్పుడు వెంకటాచలం వైపు ఒక పల్లెకు పోతున్నానని చెప్పింది. మళ్లీ మా ఊరు రమ్మనడానికి నాకు నోరు రాలేదు. ఆ కాగితాన్ని నా సంతకంతో మండలాఫీసులో ఇచ్చాను. మేనమామ నాతో మాట్లాడటం మానేశాడు. ఏడాది పైన గడిచాక ఊరికి మంచినీళ్ల కుళాయి వచ్చింది. అప్పటికి ఆమె చదువు ముగించుకుని తన దేశం వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ పల్లెలో కుళాయి నీళ్లు కూడా ఎవరూ తాగరు, ఇంటింటికీ నీళ్ల డబ్బాలు ఆటోలో దిగుతున్నాయి. మా ఈడువాళ్లం ఏ పెళ్లిలోనో కలిస్తే, వెనకటి రోజుల్లో మన నీళ్లు ఎంత తియ్యగా ఉండేవో అని మురిసిపోతాం. వాటిని ఎవరం చెడగొట్టామో ఆ మాట ఎవరమూ ఎత్తం. ఈసారైనా నేను ఎత్తాలనుకుంటాను, ఈలోగా మాట ఇంకెటో పోతుంది.