చల్లారే దాకా

బదిలీ మీద వెళ్ళిపోయిన మా పాస్టరుగారి భార్యని సంఘమంతా అమ్మగారనే పిలిచేది. చర్చి గోడ మీద పాటలు చూపించే ప్రొజెక్టరు పని నాది. ఆరాధన అయ్యాక ఆపేసినా దాని లోపలి ఫ్యాను కాసేపు తిరిగేది. ఈలోగా ప్లగ్గు పీకితే లాంపు పాడవుతుంది. అందుకని అమ్మగారు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు దాని మీద అరచెయ్యి పెట్టి, "ఆగండి, చల్లారనివ్వండి" అనేవారు. నాతోపాటు అందరూ ఆగేవారు. ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరి చేను నీట మునిగిందో ఆ కాసేపటి మాటల్లోనే ఆవిడకి తెలిసిపోయేది.

ఒకసారి ఆ లాంపు కాస్తా పోయింది. రాజమండ్రి అంతా తిరిగినా దొరకలేదు. ఎక్కడినుంచైనా తెప్పించాలా, టీవీ కొనాలా అని సంఘపెద్దలు తర్జనభర్జన పడ్డారు. అమ్మగారు ప్రొజెక్టరు కోసం పట్టుబడతారనుకున్నాను. ఆవిడేమో, "టీవీయే కొనెయ్యండి, ముసలాళ్ళకి అక్షరాలు బాగా కనపడతాయి" అనేశారు. ప్రొజెక్టరు బీరువాలోకి వెళ్ళింది.

టీవీ వచ్చిన మొదటి ఆదివారం, ఆరాధన అవగానే రిమోట్ నొక్కాను. జనం చెప్పుల వైపు కదిలారు. అమ్మగారు నింపాదిగా వచ్చి టీవీ వెనక అరచెయ్యి పెట్టారు.

"ఆగండి, చల్లారనివ్వండి."

టీవీ చల్లారక్కర్లేదని అందరికీ తెలుసు. అయినా అందరం ఆగాం.