కట్టుమరానికి నాలుగు మేకులు

యుద్ధం రోజుల్లో నేను నాయుడుపేటలో కొలిమి నడిపేవాణ్ణి. ఇనుముతో బిగించలేనిది లోకంలో లేదని నా పొగరు. సముద్రపు ఒడ్డున నాకు తెలిసిన ముసలి జాలరి ఒకాయన ఉండేవాడు. ఆయన పాత కట్టుమరం దుంగలు వదులయ్యాయని విని, అడక్కుండానే నాలుగు పొడుగాటి మేకులు చేసి పట్టుకెళ్లాను. ఇనుము దొరకడమే గగనమైన కాలం అది.

ఆయన తెరచాప విప్పి పక్కన పెట్టి, దుంగలకు కొత్త పీచుతాళ్లు కడుతున్నాడు. ప్రతి కట్టునూ కాలి బొటనవేలితో మీటి, తల వాల్చి వినేవాడు. చప్పుడు నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టేవాడు.

"ఈ మేకులు దిగ్గొడితే జన్మలో కదలవు పెద్దాయనా," అన్నాను.

"కదలకపోతే అల కొట్టినప్పుడు దుంగ పగిలిపోతాది అప్పా. నా బిడ్డలు ఎక్కేది దీనిమీదనే గదా."

నా ముఖం చిన్నబోయింది. అది చూసి మేకులు అందుకుని కళ్లకద్దుకున్నాడు. "వలకు బరువు కావాల్సి ఉండాది. బాగా తెచ్చినావు," అన్నాడు.

కొన్నేళ్లకు మళ్లీ వెళ్లాను. వల కొత్తది. దాని అంచున తుప్పు తిని సగమైన నా మేకులు నాలుగూ ఉన్నాయి. వాటి బరువు చాలక, ఒక్కో మేకు పక్కన ఒక్కో సీసపుగుండు కట్టాడు.