ఫారంలో రాయించని మట్టిగుట్ట

బొగ్గు గనిలో ఆ రోజు ఫస్ట్ షిఫ్టు. డంపర్ స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికాయి, కళ్ల వెనక ఒకటే నొప్పి. గోదావరిఖని ఎండకు ఇదేం కొత్త కాదులే అనుకున్నాను. సాయంత్రానికి నూట మూడు జ్వరం.

మలేరియా, డెంగీ టెస్టులు నెగటివ్. ఐదో రోజు అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దుర్లు లేచాయి. డాక్టరమ్మ వాటిని చూడగానే, "టిక్ టైఫస్ అనిపిస్తుంది. మేకలకు, కుక్కలకు పట్టే పిడుదు పురుగు కరిస్తే వస్తది" అని రక్తం పరీక్షకు పంపి, రిపోర్టు రాకముందే డాక్సీసైక్లిన్ మందు మొదలుపెట్టింది. రెండు రోజుల్లో జ్వరం దిగింది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మర్నాడు హెల్త్ అసిస్టెంట్ ఫారం పట్టుకుని మా క్వార్టర్‌కు వచ్చాడు.

"అన్నా, ఈ పదిహేను రోజులు ఎక్కడెక్కడ తిరిగినవ్? మేకలు, గొర్ల దగ్గరికి గిట్ల పోయినవా?"

"డ్యూటీ, ఇల్లు. గంతే తమ్మీ."

అబద్ధం. కమాన్‌పూర్‌లో మా సరోజనక్కకు పది మేకలున్నాయి. సెలవు రోజు ఇద్దరం వాటిని ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట మీదికి తోలేవాళ్లం. అక్కడ గడ్డి బాగుంటుంది కానీ కంపెనీ రూలు ప్రకారం ఎవరూ వెళ్లకూడదు. గని కార్మికుణ్ని, దొరికితే కంపెనీ నాకు చార్జిషీటు ఇస్తుంది, ఉద్యోగం మీదికొస్తుంది. అతను నేను చెప్పిందే రాసుకుని, మా వీధి కుక్కలకు పిడుదులున్నాయేమో చూసి పోయాడు.

వారం తిరక్కుండానే అక్కకు జ్వరం. బావ ఫోన్ చేసి చెబితే నాకు ముందు మట్టిగుట్టే గుర్తొచ్చింది. అయినా నోరు మెదపలేదు. వైరల్ ఫీవర్ కావచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగో రోజు ఆమెను దవాఖానలో చేర్చారు. నేను వెళ్లేసరికి డెంగీ టెస్టులు చేస్తున్నారు.

అక్క నన్ను చూసి, "ఎవరు బిడ్డా నువ్వు?" అంది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి.

నాకు వైద్యం చేసిన డాక్టరమ్మే అక్కడుంది. "మేడం, నాకొచ్చిందే అక్కకొచ్చింది. ఇద్దరం మట్టిగుట్ట మీద మేకలు కాసినం. ఫారంల అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె టార్చి వేసి అక్క అరికాళ్లు చూసింది. నాకు లేచినట్టే ఎర్రటి దద్దుర్లు. నర్సును ఇంజెక్షన్ తెమ్మని, నా వైపు తిరిగింది. "నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదయ్యా?"

అక్క ఆరు రోజులు ఐసీయూలో ఉంది. బావ ముఖం చూడలేకపోయాను. ఈలోగా హెల్త్ వాళ్లు గుట్టకు మేకలు తోలే ఇళ్లన్నీ తిరిగి, జ్వరంతో పడుకున్న మరో ఇద్దరికి మందు మొదలుపెట్టించారు. ఆ ఫారం దేనికో నాకప్పుడు అర్థమైంది. చార్జిషీటు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అక్క నడుస్తుంది, వండుతుంది. ఎడమ చెవి వినబడదు. ఈ జబ్బులో అలా కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. నన్ను తిట్టమని అక్కను అడిగాను.

"తిడితే చెవి మల్లొస్తదారా? అన్నం తిను" అంది.

జ్వరమొచ్చాక ఎవరైనా ఫారంతో మీ ఇంటికి వస్తే, పోకూడని చోటికి పోయి ఉన్నా సరే, ఆ చోటు చెప్పండి. మీతో వచ్చినవాళ్ల పేరు కూడా చెప్పండి. నేను అక్క పేరు చెప్పి ఉంటే, ఆమెకు మొదటి రోజే మందు పడేది.