గుంట పడ్డ గడపరాయి

న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ దగ్గర పల్లెలో ఓ చిన్న చెక్క చర్చి అమ్ముడైపోయింది. ఈ రోజు అక్కడ చివరి ప్రార్థనకు పక్కింటి జోన్ ఆంటీ నన్నూ తీసుకెళ్లింది. దాని గడపరాయిని ఆమె పూర్వీకులు ఇంగ్లండులో తమ ఊరి పాత చర్చి నుంచి ఓడలో తెచ్చుకున్నారట. ఎనిమిది వందల ఏళ్ల నాటి రాయి, నడుమ గుంట పడింది. అలవాటుగా దాన్ని తాకి కళ్లకద్దుకుని, తొక్కకుండా దాటాను.

ప్రార్థన అయ్యాక బయటికి వచ్చేటప్పుడు ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "తొక్కమ్మా. ఆ గుంట మావాళ్ల పాదాలు పడి పడి అయిందే. రేపు మ్యూజియంలో పెట్టాక ఎవర్నీ తొక్కనివ్వరు."

బూట్లు విప్పి పాదం పెట్టాను. ఆంటీ కూడా విప్పి, పక్కనే తన పాదం పెట్టింది.

బుద్ధెరిగాక గడప తొక్కడం ఇదే మొదటిసారి. అమ్మకు చెప్పే ధైర్యం లేదు, ఏడుపు మాత్రం ఆగడం లేదు. మీరైతే తొక్కేవారా?